నేనెవరు అని అడిగే పొట్టి సినిమాలు: బడిపిల్లోళ్ళకి చూపిస్తే ఏం జరుగుతాది, ఏం జరగదు

బళ్ళల్లో గోడకి పెద్ద టీవీ ప్యానెళ్ళు వచ్చినాక (మన రాయలసీమ వైపు చాలా గవర్నమెంట్ హైస్కూళ్ళకి 2023లో వచ్చినాయి, ప్రైవేటోళ్ళ దగ్గర ప్రొజెక్టర్లు అంతకుముందే ఉన్నాయి) శనివారం సాయంత్రమో, సార్ రాని పీరియడ్‌లోనో పిల్లోళ్ళకి పది నిమిషాల సినిమా వెయ్యడం మామూలైపోయింది. శుభ్రత, ట్రాఫిక్, సెల్‌ఫోన్ అలవాటు ఇట్లాంటి వాటితో ఎవురికీ పేచీ లేదు. పేచీ అంతా ఐడెంటిటీ (నేనెవరు అనేది), సెల్ఫ్ డిస్కవరీ (నన్ను నేను తెలుసుకోవడం) అనే పేర్లతో వచ్చే సినిమాల దగ్గరే. ఒక నాయనకి ఇది కులం గొడవ క్లాసులోకి తేవడం అనిపిస్తాది, ఒక అమ్మకి మా పాపకి లేనిపోని ఆలోచనలు పెడతారేమోనని భయం, టీచర్‌కి చూపించడం సులువే గానీ లైట్లు వేసినాక ఏం మాట్లాడాలో తెలీదు, పిల్లోళ్ళేమో "సార్ ఇంకోటి వెయ్యండి" అంటారు. అందరూ ఒకే సినిమా గురించి మాట్లాడతాండారు, ఒక్కొక్కరి మనసులో ఉన్న సంగతి మాత్రం వేరు. అందుకే మొదటినుంచి ఒక్కోటే విప్పుకుంటా పోదాం.

## పొట్టి అంటే ఎంత పొట్టి

షార్ట్ ఫిల్మ్‌కి అందరూ ఒప్పుకునే కొలత లేదు. ఆస్కార్ ఇచ్చే అకాడమీ లెక్కలో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలు దాటకూడదు. బడి లెక్క వేరే. పీరియడ్ 40, 45 నిమిషాలుంటాది, అందరూ కూర్చునేసరికి 5 పోతాయి, 25 నిమిషాల సినిమా వేస్తే మాట్లాడేదానికి పదో పదిహేనో మిగులుతాయి, అంతలో వెనక బెంచీ దాకా మాట పోనే పోదు. అదే 8 నిమిషాల సినిమా అయితే అరగంట మిగులుతాది, కావాలంటే రెండోసారి కూడా వేసుకోవచ్చు. ఈ అరగంట సంగతి గుర్తు పెట్టుకోండి, ముందుకు పోయేకొద్దీ అసలు విషయం అదే అని తెలుస్తాది.

రీల్‌కీ దీనికీ తేడా నిడివి ఒక్కటే కాదు. రీల్ వేలు పైకి జరపకుండా నిన్ను ఆపాలని చూస్తాది. షార్ట్ ఫిల్మ్‌లో ఒక మనిషి ఉంటాడు, వాడికి ఒక చిక్కు వస్తాది, చివరికొచ్చేసరికి వాడిలో ఏదో ఒకటి కదులుతాది. అది కథ కావచ్చు, డాక్యుమెంటరీ కావచ్చు, బొమ్మలతో చేసిన యానిమేషన్ కావచ్చు.

పిల్లోళ్ళకోసం విడిగా సినిమాలు తియ్యాల అనే ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ 1955లోనే పుట్టింది, దాని బాలల చిత్రోత్సవం చాలా ఏళ్ళు హైదరాబాద్‌లోనే జరిగింది, 2022లో ఆ సొసైటీని ఎన్‌ఎఫ్‌డీసీలో (కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థలో) కలిపేసినారు. కొత్తగా వచ్చింది ఏందంటే ఆ సినిమా ఇప్పుడు పత్తికొండలోనో పులివెందులలోనో క్లాస్‌రూమ్‌కే నేరుగా రావడం.

## ఐడెంటిటీ ఒకటి కాదు, చాలా

మడకశిర వైపు ఒక 12 ఏళ్ళ పాపని ఊహించుకుందాం. ఇంట్లో కన్నడ, బళ్ళో తెలుగు, పుస్తకాల్లో ఇంగ్లీషు. తమ్ముడికి అక్క, అమ్మ పనికి పోతే ఆ తమ్ముడికి సగం అమ్మ. కబడ్డీలో మంచి రైడర్. క్లాసులో "లెక్కలు రాని పిల్ల". జేజికేమో ఇంటిపెద్ద పేరు పెట్టుకున్న మనవరాలు. వీటిల్లో ఏది ఆ పాప? అన్నీ ఆ పాపే. కొన్ని పుట్టుకతో వచ్చినాయి, కొన్ని ఇంటి పరిస్థితి తెచ్చిపెట్టింది, కబడ్డీ తాను ఎంచుకున్నది, "లెక్కలు రాని పిల్ల" అనేది మాత్రం ఎవురో అంటించింది, రెండేళ్ళు అదే వింటే అది తన స్వభావమే అనుకుంటాది.

సెల్ఫ్ డిస్కవరీ అంటే ఎక్కడో లోపల దాక్కున్న అసలు మనిషిని వెతికి పట్టుకోవడం అని చాలా సినిమాలు చూపిస్తాయి. నిజంగా జరిగేది అంత గొప్పగా ఉండదు. ఈ పేర్లల్లో ఏవి నావి, ఏవి నా మీద వేసినవి, ఏవి ఉంచుకుంటాను అని పిల్లోళ్ళు మెల్లగా ఏరుకోవడం, అంతే, అదీ ఒక్క రోజులో అయిపోదు.

వయసు కూడా చూడాల. మూడో తరగతి పిల్లోణ్ణి నీ గురించి చెప్పురా అంటే "నాకు సైకిలొచ్చు, నా చొక్కా నీలం, మాకు రెండు బర్రెలుండాయి" అంటాడు, అన్నీ కంటికి కనపడేవే. అయిదు, ఆరుకొచ్చేసరికి పోలికలు మొదలవుతాయి, "వాడికన్నా నేను బాగా పరిగెత్తతా". తొమ్మిదిలో ఉన్నోడు తనలోనే తేడాలు చూస్తాడు, ఇంట్లో నోరు తెరవను, ఫ్రెండ్స్ దగ్గర ఊరకుండను, దీంట్లో నేనెవరు అని. కాబట్టి ఒకే సినిమా మూడుకీ తొమ్మిదికీ కలిపి హాల్లో వేస్తే వాళ్ళు చూసేది రెండు వేరే సినిమాలు.

## ఎరిక్సన్ చెప్పింది, మార్షియా చెప్పింది, మన ఇంటర్ గ్రూపు

ఈ విషయం మాట్లాడే ప్రతి ఒక్కరూ మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ పేరు తెస్తారు. జర్మనీలో 1902లో పుట్టినాడు, కన్నతండ్రి ఎవరో ఆయనకి తెలీనే తెలీదు, మారుతండ్రి ఇంటిపేరుతో పెరిగినాడు, అమెరికా పౌరుడైనప్పుడు ఎరిక్సన్ అనే పేరు తానే పెట్టుకున్నాడు. ఐడెంటిటీ క్రైసిస్ అనే మాటని లోకానికి అలవాటు చేసింది ఇట్లాంటి మనిషి కావడం నాకు చానా సరైన సంగతి అనిపిస్తాది. 1950లో రాసిన పుస్తకంలో మనిషి జీవితాన్ని 8 దశలుగా చేసినాడు, అయిదోది దాదాపు 12 నుంచి 18 ఏళ్ళ మధ్య, అప్పుడు పిల్లల ముందుండే పని నేనెవరు అనేది తేల్చుకోవడం, తేలకపోతే గందరగోళం.

1966లో జేమ్స్ మార్షియా అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని రెండు ప్రశ్నలుగా మార్చినాడు. వెతికినావా? ఒకదానికి కట్టుబడినావా? ఇది పుస్తకంలో కంటే పదో తరగతి రిజల్ట్స్ వచ్చినాక మన ఇళ్ళల్లో బాగా అర్థమవుతాది. ఒకడు అయిదో తరగతి నుంచే ఎంపీసీ, ఎందుకురా అంటే నాయన చెప్పినాడు, వేరేది ఆలోచించలేదు, అంటే వెతకలేదు గానీ కట్టుబడినాడు. ఒకమ్మాయి బైపీసీనా సీఈసీనా అని అక్కల్ని, సార్లని అడుగుతా, తేలక రాత్రిళ్ళు నిద్రపోకుండా ఉంది, వెతుకుతాంది గానీ ఇంకా తేల్చుకోలేదు. ఇంకొకడు ఫ్రెండ్ ఏది తీసుకుంటే అదే అంటాడు, రెండూ లేవు. నాలుగో ఆమె అన్నీ విచారించి, కొన్నాళ్ళు తిరిగి, హెచ్‌ఈసీ తీసుకోని టీచర్ అవుతా అని నిలబడింది. బయటినుంచి చూస్తే మొదటోడూ నాలుగో ఆమె ఇద్దరూ క్లారిటీ ఉన్నోళ్ళలాగే కనపడతారు, రెండో అమ్మాయి దారి తప్పినట్టు కనపడతాది. మార్షియా లెక్కలో ఆ అమ్మాయి దారిలోనే ఉంది.

అయితే ఈ లెక్క మీద అభ్యంతరాలున్నాయి, అవి తీసెయ్యదగ్గవి కావు. ఒకటి, ఇది ఒంటరిగా నిర్ణయించుకునే మనిషిని నమూనాగా పెట్టుకుంది. మన దగ్గర ఇల్లంతా కూర్చోని నిర్ణయిస్తారు, నాయన సేద్యమే చేస్తా అనే పిల్లోడు ఆలోచించనోడు అని ఎట్లంటాం? రెండోది డబ్బు. వెతకడానికి టైం కావాల, టైం అంటే ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించాల. చెనిక్కాయ పంట పోయిన ఏడు, కోసిగి మంత్రాలయం వైపు నుంచి ఇంటికి తాళం వేసి గుంటూరు మిరపకోతకి పోయే కుటుంబంలో పిల్లోడికి ఒక ఏడాది ఆగి నేనెవరు అని ఆలోచించుకునే వీలు ఏముంటాది? సినిమాల్లో మాత్రం ఎక్కువగా కనపడేది ఒకటే కథ, నాయన ఇంజినీరింగ్ అంటాడు, కొడుకు కెమెరానో గిటారో పట్టుకోని తన దారిన పోతాడు. అదీ ఒక దారే. కానీ అదొక్కటే సెల్ఫ్ డిస్కవరీ అని నేర్పితే తిరగబడని పిల్లోళ్ళందరూ తమలో ఏదో తక్కువుంది అనుకుంటారు.

## ఒకే కథని రెండు రకాలుగా తీస్తే

ఒక ఊహా కథ తీసుకుందాం. మద్దిలేటి అనే పిల్లోడు పత్తికొండ దగ్గర పల్లె నుంచి ఎనిమిదో తరగతికి కర్నూలు హాస్టల్లో చేరినాడు. "యాడికి పోతాండావు" అంటే చుట్టూ ఉన్నోళ్ళు నవ్వుతారు, పేరు కూడా "యాడ" అనే పెట్టేస్తారు.

మొదటి రకం సినిమాలో ఏడిపించడం మూడు నిమిషాలు నడుస్తాది, వాడు బాత్రూంలో ఏడుస్తాడు, తెలుగు సార్ భుజం మీద చెయ్యేసి యాస గురించి నాలుగు మంచి మాటలు చెప్తాడు, స్కూల్ డే నాడు వాడు స్టేజి ఎక్కి తన మాటలోనే అమ్మ గురించి మాట్లాడతాడు, చప్పట్లు, ఏడిపించినోళ్ళు వచ్చి కౌగిలించుకుంటారు, తెర మీద ఒక కొటేషన్.

రెండో రకంలో ఏడిపించడం ఒక్క నవ్వుతో అయిపోతాది. తర్వాత ఆదివారం, హాస్టల్ వార్డెన్ ఫోన్, వెనక వరసగా పిల్లోళ్ళు. మద్దిలేటి అమ్మకి ఫోన్ చేస్తాడు, వెనకోళ్ళు వింటాండారని టీవీ న్యూస్‌లోలాగా మాట్లాడతాడు, "అమ్మా, ఎలా ఉన్నారు, నేను బాగానే ఉన్నాను". అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. ఆమ్మ అడుగుతాది, "ఎవురప్పా మాట్లాడేది?" వాడు ఫోన్ పట్టుకోని నిలబడతాడు. సినిమా అయిపోయింది.

మొదటిదాంట్లో క్లాసుకి చెప్పేదానికి ఏమీ మిగల్లేదు, అంతా సారే చెప్పేసినాడు, అడిగితే పిల్లోళ్ళు "ఎవురినీ ఏడిపించకూడదు సార్" అని ఒకే గొంతుతో అంటారు, పరీక్షలో రాసినట్టు. రెండోదాంట్లో అరగంట సరిపోదు. అమ్మకి నిజంగా తెలీలేదా, తెలిసే అడిగిందా? వాడు చేసింది తప్పా? హాస్టల్లో ఒక మాట, ఇంట్లో ఒక మాట మాట్లాడితే అబద్ధమాడినట్టా? మీలో ఎవురు ఇంట్లో వేరేగా మాట్లాడతారు? ఈ చివరి ప్రశ్న దగ్గర ఆదోని పిల్లోడు ఉర్దూ అంటాడు, రాయదుర్గం పాప కన్నడ అంటాది, అక్కడినుంచి సినిమా పక్కకి పోయి వాళ్ళ సంగతులే నడుస్తాయి.

అట్లని మొదటి రకం పనికిరానిది అని తోసెయ్యలేం. నాలుగో తరగతి పిల్లోళ్ళకి రెండోది వేస్తే "సిగ్నల్ లేదు సార్ అందుకే ఆమ్మకి వినపడలేదు" అనే అవకాశం చానా ఉంది. ఆ వయసుకి బయటికి కనపడే సంఘటన, స్పష్టమైన ముగింపు కావాల. ఇంకో మాట కూడా, రోజూ ఏడిపించబడే పిల్లోడికి స్టేజి మీద చప్పట్లు కొట్టించుకున్న మద్దిలేటిని చూడటం ఒక ధైర్యం, దాన్ని చిన్నది చెయ్యకూడదు.

## మూడు కాళ్ళ కుక్క చెప్పిన సంగతి

సినిమా మంచి మాట చెప్తే పిల్లోళ్ళు మంచి నేర్చుకుంటారు అనేది అందరం అనుకునేదే. 2008లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో బడికి కొత్తగా చేరిన వయసు పిల్లలకి ఒక కార్టూన్ చూపించినారు. మూడు కాళ్ళ కుక్క ఒకటి వస్తాది, మిగిలిన కుక్కలు మొదట దూరం పెడతాయి, తర్వాత కలుపుకుంటాయి. తీసినోళ్ళు చెప్పాలనుకున్నది వేరేగా ఉన్నోళ్ళని కలుపుకోవాలని. చానామంది పిల్లలకి అర్థమైంది మూడు కాళ్ళ కుక్కలతో మంచిగా ఉండాలని. కుక్క నుంచి మనుషుల దాకా వాళ్ళంతట వాళ్ళు రాలేకపోయినారు. మధ్యలో ఒక పెద్ద మనిషి కూర్చోని "మన క్లాసులో ఇట్లా ఎవరికైనా జరిగిందా" అని అడిగితేనే ఆ దూరం తగ్గుతాది.

ఇంకోవైపు, 1963లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా వాళ్ళు చూపించింది ఏందంటే, సినిమాలో పెద్దోళ్ళు బొమ్మని కొట్టడం చూసిన చిన్నపిల్లలు తర్వాత తాము కూడా అట్లే కొట్టినారు. అంటే నీతి అందడం కష్టం, చేష్ట అందడం సులువు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మద్దిలేటి మొదటి సినిమాని మళ్ళీ చూడండి. మూడు నిమిషాల ఏడిపింపు, ఒక నిమిషం కౌగిలింత. మరుసటి రోజు క్లాసులో మిగిలేది కౌగిలింతా, "యాడ" అనే పేరా? ఏడిపించడాన్ని వివరంగా చూపించే సినిమాల గురించి టీచర్లు భయపడేది ఊరికే కాదు.

## తెర మీద సీమ పిల్లోడు కనపడేది ఎప్పుడు

రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికా ప్రొఫెసరమ్మ 1990లో పిల్లల పుస్తకాల గురించి ఒక మాట అన్నది. పుస్తకం పిల్లలకి కిటికీ కావాల, అద్దం కూడా కావాల. కిటికీలోనుంచి వేరేవాళ్ళ బతుకు కనపడతాది, అద్దంలో తాము కనపడతారు. కొందరు పిల్లలకి అన్నీ అద్దాలే, కొందరికి అన్నీ కిటికీలే, లేదంటే సొట్టపోయిన అద్దాలు.

ఈ సొట్ట అద్దం సంగతి మనకి బాగా తెలుసు. తెలుగు సినిమాకి ఈ నేల తక్కువేం ఇయ్యలేదు. నటుడు బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది తాడిపత్రిలో, దర్శకుడు కె.వి.రెడ్డి 1912లో పుట్టింది కూడా తాడిపత్రిలోనే, 1974 ఫాల్కే అవార్డు అందుకున్న బి.ఎన్.రెడ్డిది పులివెందుల దగ్గర పల్లె, ఆయన తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947లో చందమామ మొదలుపెట్టి తరాల పిల్లలకి కథలు ఇచ్చినారు. ఇంత ఇచ్చిన సీమ, 1990ల చివరి నుంచి చానా ఏళ్ళు తెర మీద కనపడింది నాటుబాంబులు, వేటకొడవళ్ళు, సుమోల వరసగానే. సీమ మాట విలన్ నోట్లోనో కామెడీలోనో వినపడింది. కడప పిల్లోడు హైదరాబాద్ పోతే "మీ ఇంట్లో బాంబులుంటాయా" అని అడిగించుకున్నాడు.

దీనికి సినిమావాళ్ళ వైపు నుంచి జవాబుంది. ఫ్యాక్షన్ హత్యలు నిజంగా జరిగినాయి, కల్పించింది కాదు. ఆ హీరోల డైలాగుల్ని మన కుర్రోళ్ళే గర్వంగా చెప్పుకున్నారు కూడా. నిజమే. అయితే జరిగినదాన్ని చూపించడం ఒకటి, అదొక్కటే చూపించడం ఇంకోటి. పదేళ్ళ పిల్లోడికి ఆ తేడా తెలీదు, తన మాట తెర మీద వచ్చిన ప్రతిసారీ ఎవురో ఒకరు చస్తాండారు అని మాత్రం తెలుస్తాది.

ఈ మధ్య దీనికి ఎదురుగా ఇంకో రకం వస్తాండాయి, బీడు నేల, ఎండిన బోరు, వలస పోయే బండి, దిగులు పాట. జాలి చూపించే సినిమాలు. వాటిల్లో ఉన్నది అబద్ధం కాదు గానీ పిల్లోడికి అదొక్కటే అద్దమైతే అదీ కష్టమే. ఉగ్గాని బజ్జీ కోసం కొట్లాడుకునే అన్నదమ్ములు, నిమ్మలకుంటలో తోలుబొమ్మకి రంగులేస్తా నేను కూడా ఇదే చెయ్యాలా అని ఆలోచించే పిల్ల (ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, కాబట్టి ఆ ప్రశ్న సులువైనది కాదు), కొండారెడ్డి బురుజు దగ్గర సాయంత్రం స్నేహితుడితో మాట పట్టింపు, ఇట్లాంటి మామూలు కథలు కావాల. మామూలుగా కనపడటం కూడా ఒక గుర్తింపే.

## కులం, ఆడ మగ, ఒళ్ళు: గొడవంతా ఇక్కడే

వద్దు అనేవాళ్ళు చెప్పేది, పిల్లోళ్ళు కలిసి ఆడుకుంటాండారు, మీరు సినిమా వేసి లేని తేడాలు నేర్పుతాండారు అని. కావాల అనేవాళ్ళు చెప్పేది, తేడాలు వాళ్ళకి ఎప్పుడో తెలుసు అని. స్కాలర్‌షిప్ ఫారంలో కులం కాలమ్ ఉంది, హాస్టల్ పేరులోనే బీసీ, ఎస్సీ అని ఉంది, "నల్లగుంటాది", "లావుగుంటాది", "ఆడంగోడు" అనే మాటలు ఆటల పీరియడ్‌లో రోజూ వినపడతాయి. ఈ విషయంలో నాకు రెండోవాళ్ళ మాటే సరి అనిపిస్తాది, తెలీనట్టు నటించేది పెద్దోళ్ళే.

కానీ వద్దు అనేవాళ్ళ దగ్గర ఇంకో గట్టి మాటుంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. వలసపోయే ఇంటి పాప మీద సినిమా వేసినారనుకోండి, లైట్లు వేసేసరికి క్లాసులో 40 మంది కళ్ళు ఒకే పాప మీదికి తిరుగుతాయి. ఆ పాప తన సంగతి చెప్పుకోవాలని అడగలేదు. నడిపించే టీచర్‌కి దీంట్లో ట్రైనింగ్ లేకపోతే, "నువ్వు చెప్పమ్మా మీ ఇంట్లో ఎట్లుంటాది" అని మంచి మనసుతోనే అడిగేస్తారు. అక్కడ సినిమా మేలు కంటే కీడే చేసింది. కొన్ని బళ్ళల్లో దీనికి దారిగా పేరు రాయని చీటీలు తీసుకుంటారు, లేదంటే "మద్దిలేటి ఏం అనుకోనుంటాడు" అని పాత్ర గురించే మాట్లాడిస్తారు. పిల్లలు పాత్ర పేరుతో తమ సంగతే చెప్తారు, ఎవురిదో బయటపడదు. ఒక్కోసారి నిజంగా బరువైనది బయటికొస్తాది, అప్పుడు అది క్లాసులో తేలేది కాదు. పిల్లల కోసం 1098, మానసిక సాయానికి టెలీ మానస్ 14416 అనే ఫోన్ నంబర్లు ఉన్నది అట్లాంటప్పటికే.

## చట్టం ఏమంటాది

ఇది టూకీగా. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం బడి పనుల్లో భాగంగా సినిమా వేస్తే, చూసేవాళ్ళు టీచర్లు, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, బడితో సంబంధమున్నోళ్ళు మాత్రమే అయితే అది ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టి ఊరందరికీ వేస్తే కథ మారుతాది. నలుగురిలో బహిరంగంగా ప్రదర్శించే సినిమాకి సెన్సార్ సర్టిఫికెట్ కావాల, యూట్యూబ్‌లో ఉండేవాటికి అది ఉండదు, కాబట్టి అక్కడ దొరికింది వేసే ముందు చూసుకునే బాధ్యత టీచర్‌దే. 2023 సవరణతో యూఏ (పెద్దోళ్ళ మార్గదర్శనంతో పిల్లలు చూడొచ్చు అనే) సర్టిఫికెట్‌ని 7, 13, 16 ఏళ్ళ లెక్కన మూడు మెట్లు చేసినారు, మూడో తరగతికీ తొమ్మిదో తరగతికీ ఒకటే సినిమా కాదు అని పైన అనుకున్నదే ఇప్పుడు చట్టంలో కూడా ఉంది.

## పిల్లోళ్ళే తీస్తే

చూడటం కంటే తియ్యడం ఎక్కువ పని చేస్తాది అని వాదించేవాళ్ళున్నారు, దాంట్లో బలముంది. ఒక ఫోను, నలుగురు పిల్లోళ్ళు, "మా ఇంట్లో నన్నేమని పిలుస్తారు" అనే ఒక అంశం. ఏది తియ్యాల, ఏది వదిలెయ్యాల అని తేల్చుకునేటప్పుడే ఆ ఏరుకోవడం జరిగిపోతాది. మడకశిర పాప కబడ్డీ తీసుకోని లెక్కల మార్కులు వదిలేస్తే, ఏ పేరు తనది అనేది ఎవురూ అడక్కుండానే తేల్చుకున్నట్టు. ఎడిటింగ్ దగ్గర కొట్లాటలొస్తాయి, ఆ కొట్లాటలు కూడా పనికొచ్చేవే.

చిక్కు అయిపోయినాక వస్తాది, దీన్ని యాడ పెట్టాల అని. క్లాసులో ప్యానెల్ మీద వేసుకుంటే 40 మంది చూస్తారు, మరుసటి వారానికి మర్చిపోతారు. యూట్యూబ్‌లో పెడితే ఆ పాప డిగ్రీకి పోయినాక కూడా ఉంటాది, పెళ్ళిచూపులకి వచ్చినోళ్ళకి కూడా దొరుకుతాది. 2023 డిజిటల్ డేటా చట్టం 18 ఏళ్ళలోపు అందర్నీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు అడుగుతాది, అయితే అమ్మానాన్నలు సంతోషంగా సంతకం పెట్టి పిల్లోడు మాత్రం వద్దనుకునే సందర్భాలుంటాయి, వాడి మాట ఎవురు అడగాల అనేది చట్టంలో లేదు. కొందరు టీచర్లు దీన్ని ఇట్లా తేల్చుకున్నారు: సినిమా బడి హార్డ్‌డిస్క్‌లో ఉంటాది, పిల్లోళ్ళకి 18 నిండినాక వచ్చి అడిగితే వాళ్ళ చేతికే ఇస్తారు, పెట్టుకుంటారో లేదో వాళ్ళిష్టం.